న్యూట్రల్ పోయినప్పుడు ఇంటిని కాపాడే వోల్టేజ్ ప్రొటెక్టర్: కొనొచ్చా, ఎలా పెట్టాలి?

"హై వోల్టేజ్ వచ్చి వీధంతా టీవీలు కాలిపోయాయి" అని వింటుంటాం. చాలాసార్లు అక్కడ జరిగింది ఒకటే: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం మీద జంపర్ (తీగల్ని కలిపే ముక్క) దగ్గరో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఊడిపోయి ఉంటుంది. కరెంటు మోతాదు దాటితే పడే ఎంసీబీ దీన్ని ఆపలేదు, కరెంటు లీకైతే పడే ఆర్‌సీసీబీ కూడా ఆపలేదు. ఆ పనికే ఉన్న వస్తువు డీబీలో (ఎంసీబీలుండే బోర్డులో) డిన్ రైలు అనే లోహపు పట్టీ మీద కూర్చునే డిజిటల్ వోల్టేజ్ ప్రొటెక్టర్. వోల్టేజీ, ఆంపియర్లు ముందు అద్దంలో చూపిస్తూ, 63 ఆంపియర్లు అని రాసి అమ్మే సింగిల్ ఫేజ్ రకం గురించే ఈ రివ్యూ. రకరకాల పేర్లతో దొరికినా పనితీరు దాదాపు ఒకటే. మా మాట ముందే చెప్పేస్తాం: కొనండి, కానీ ఆ 63ని నమ్మకండి, సెట్టింగులు మార్చకుండా వాడకండి.

న్యూట్రల్ పోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. వీధిలోకి వచ్చే మూడు ఫేజుల్లో (ఆర్, వై, బి) ఆర్ ఫేజు మీద ఉన్న ఇంట్లో 2000 వాట్ల గీజరు, వై ఫేజు మీద ఉన్న పక్కింట్లో 500 వాట్ల సామాను నడుస్తున్నాయనుకుందాం. న్యూట్రల్ ఉన్నంతసేపు ఇద్దరికీ 230 వోల్టులే. అది తెగితే ఈ రెండిళ్లూ రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల మీద సిరీస్‌లో పడతాయి. గీజరు నిరోధం సుమారు 26 ఓములు, పక్కింటి సామానుది 106 ఓములు. రెండింటిలోనూ పారేది ఒకే 3 ఆంపియర్ల కరెంటు. గీజరు ఇంట్లో 80 వోల్టులే మిగులుతాయి, పక్కింట్లో 320 కనిపిస్తాయి. అంటే తక్కువ కరెంటు వాడుతున్న ఇంటికే ఎక్కువ నష్టం. 3 ఆంపియర్లకి ఏ ఎంసీబీ పడదు కాబట్టి ఫ్రిజ్ బోర్డు కాలేదాకా మెయిన్‌లో ఏ కదలికా ఉండదు.

ఈ తెగడాలు ఎండాకాలం, గాలివానల రోజుల్లో ఎక్కువ. అల్యూమినియం తీగని రాగి తీగతో చేత్తో మెలిపెట్టిన చోట తుప్పు పట్టి జాయింటు వేడెక్కుతుంది, ఒకరోజు వదిలేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే, తెగిన న్యూట్రల్ బదులు భూమి అయినా ఆదుకోలేదు. ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్ ఏసీల వల్ల పుట్టే మూడో హార్మోనిక్ కరెంట్లు (మామూలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల వేగంతో ఊగేవి) మూడు ఫేజుల నుంచీ న్యూట్రల్‌లో కలిసి పెరుగుతాయే గాని ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. అసలే బలహీనంగా ఉన్న జాయింటు మీద ఇదొక భారం.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. బాగున్న గుణం వేగం. ఓవర్ వోల్టేజీ దాటాక కట్ చేసే సమయాన్ని చాలావాటిలో 0.1 సెకను దాకా తగ్గించుకోవచ్చు. టీవీ, ఫ్రిజ్ బోర్డులకి 320 వోల్టుల నుంచి తప్పించుకోవడానికి ఆ వేగం సాధారణంగా సరిపోతుంది. అద్దంలో కనిపించే వోల్టేజీని మాత్రం మంచి మల్టీమీటరుతో ఒకసారి పోల్చుకోండి. నాలుగైదు వోల్టులు ఎక్కువ చూపిస్తుంటే సెట్టింగులో అంత కలుపుకోవాలి, తక్కువ చూపిస్తుంటే అంత తగ్గించుకోవాలి.

నచ్చనిది మొదట టెర్మినళ్లు. చవక రకాల్లో స్క్రూ పట్టు తక్కువ, అల్యూమినియం తీగ పెడితే కొన్నాళ్లకి వదులవుతుంది. వదులైన టెర్మినల్ వేడికి ప్లాస్టిక్ పసుపెక్కి, నల్లబడి, ఇంటిని కాపాడాల్సిన డబ్బాయే కాలిపోతుంది. రాగి తీగే వాడండి, 32 ఆంపియర్ల మెయిన్‌కి 6 స్క్వేర్ ఎంఎం, 40కి 10 స్క్వేర్ ఎంఎం. పోగుల తీగ అయితే చివర లగ్గు (లోహపు తొడుగు) వేయాలి. బిగించిన నెలకి మెయిన్ ఆపి మళ్లీ ఒకసారి బిగించండి. మూసిన డీబీలో, మన ఎండల్లో, గంటల తరబడి 63 ఆంపియర్లు పారించడం ఆ చిన్న రిలేకి భారమే. 40 దాటనివ్వకపోతే మంచిది. రెండు ఏసీలు, గీజరు, మోటారు ఒకేసారి నడిచే ఇంటికి డబ్బాని నేరుగా వాడకుండా, అది కాంటాక్టరు (పెద్ద లోడుని కలిపి, తెంపే స్విచ్) కాయిల్‌ని నడిపేలా, లోడు కాంటాక్టరు మీద పడేలా కట్టించండి.

రెండో లోపం ఇంకా ముఖ్యం. చాలా డబ్బాలు ఫేజుని మాత్రమే కట్ చేస్తాయి, న్యూట్రల్ నేరుగా వెళ్లిపోతుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినప్పుడు ఆ న్యూట్రల్ తీగలోకే ప్రమాదకరమైన వోల్టేజీ వస్తుంది. సామాను కాలదు గాని, ప్రొటెక్టర్ కట్ చేసింది కదా అని హోల్డరు విప్పితే షాక్ కొట్టొచ్చు. దొరికితే రెండు పోల్సూ, అంటే ఫేజునీ న్యూట్రల్‌నీ, కట్ చేసే రకమే కొనండి. దొరక్కపోతే ముందు డబుల్ పోల్ మెయిన్ ఉండాలి, చెయ్యి పెట్టేముందు దాన్ని ఆపాలి.

సెట్టింగుల విషయానికొస్తే, మన దగ్గర మామూలు సరఫరా 230 వోల్టులు, పది శాతం అటూ ఇటూ అంటే 207 నుంచి 253 దాకా. ఓవర్ వోల్టేజీ 265 దగ్గర పెట్టి, తిరిగి కలవడానికి 255 ఇవ్వండి. సోలార్ ప్యానెళ్లు ఎక్కువగా ఉన్న వీధిలో మధ్యాహ్నం వోల్టేజీ 250 దాటొచ్చు, అక్కడ 255కే కట్ పెడితే రోజూ గొడవే. అండర్ వోల్టేజీ 175, తిరిగి కలిసేది 185. ఈ రెండింటి మధ్య పది వోల్టులు ఉంచకపోతే సాయంత్రం లోడు పెరిగినప్పుడు డబ్బా మాటిమాటికీ కట్ అవుతూ, కలుస్తూనే ఉంటుంది: కట్ అవగానే తీగలో కరెంటు తగ్గి వోల్టేజీ పెరుగుతుంది, కలవగానే మళ్లీ పడిపోతుంది. అండర్ వోల్టేజీకి రెండు మూడు సెకన్ల ఆలస్యం ఇవ్వండి, లేకపోతే మోటారు స్టార్టయినప్పుడల్లా ఇల్లంతా ఆరిపోతుంది. తిరిగి కలిసే సమయం 180 సెకన్ల కంటే తగ్గించకండి. ఫ్రిజ్, ఏసీ కంప్రెసరు ఆగిన వెంటనే గ్యాస్ ఒత్తిడి సర్దుకోకముందే మళ్లీ తిరగబోతే జామవుతుంది. దుకాణం నుంచి వచ్చిన డబ్బాలో ఇది 30 సెకన్లే ఉంటే తప్పకుండా మార్చండి.

బిగించే ముందు ఎలక్ట్రికల్ షాపులోనో వైండింగ్ షాపులోనో డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని పెంచి, తగ్గించే పరికరం) మీద పరీక్షించమనండి. ఒక బల్బు లోడు పెట్టి వోల్టేజీ మెల్లగా పెంచితే 265కి ఆరాలి, తగ్గించాక మూడు నిమిషాలకి వెలగాలి. ఐదు నిమిషాల పని.

డీబీలో మెయిన్ ఎంసీబీ తర్వాత, మిగతా ఎంసీబీల ముందు దీని చోటు. బ్యాటరీ ఇన్వర్టరు దీని తర్వాతే ఉండాలి, అప్పుడు ప్రొటెక్టర్ కట్ చేసినా ఫ్యాన్లు, లైట్లు బ్యాటరీ మీద నడుస్తాయి. డబ్బాలో ఓవర్ కరెంటు సెట్టింగు ఉంది కదా అని ఎంసీబీ తీసేయకండి. షార్ట్ సర్క్యూట్‌లో వేల ఆంపియర్లని తెంపడం ఆ రిలే వల్ల కాదు. మనిషికి షాక్ నుంచి రక్షణ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీదే.

పిడుగు సంగతి కూడా వేరే. దాని సర్జ్ మైక్రోసెకన్లలో అయిపోతుంది, 0.1 సెకను అక్కడ ఎందుకూ పనికిరాదు. దానికి టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్‌ని భూమిలోకి మళ్లించే పరికరం) కావాలి, గట్టి ఎర్తింగూ కావాలి. న్యూట్రల్ తరచూ పోయే ఊళ్లలో 275 వోల్టులది కాకుండా 320 వోల్టులది తీసుకోండి. లేకపోతే న్యూట్రల్ పోయినప్పుడు ముందు ఎస్‌పీడీయే కాలుతుంది.

మూడు ఫేజుల మీటరున్న ఇంటికి ఈ సింగిల్ ఫేజ్ డబ్బా ఒక్కటి చాలదు. అలాంటి ఇంట్లో సొంత మీటరు బోర్డులో న్యూట్రల్ వదులైనా చాలు, గదికీ గదికీ మధ్యే ఆ 80, 320ల పంచాయితీ మొదలవుతుంది. మూడు ఫేజుల మోటారు ఉంటే నాలుగు తీగల ప్రొటెక్టర్ పెట్టండి, ఒక ఫేజు పోయినా అన్నీ ఆపేస్తుంది. మోటారు లేకపోతే ఫేజుకొకటి చొప్పున మూడు సింగిల్ ఫేజ్‌వి పెట్టుకోవడమే నయం, ఒక ఫేజు చెడినా మిగతా గదులు నడుస్తాయి.

స్టెబిలైజరు ఉంటే ఇది అక్కర్లేదా అంటే, అది ఏసీ ఒక్కదాన్నే చూసుకుంటుంది. ప్రొటెక్టర్ వోల్టేజీని సరిచేయదు, కట్ మాత్రమే చేస్తుంది, కానీ ఇంట్లో చార్జర్ దాకా అన్నిటికీ. ఒక ఫ్రిజ్ బోర్డు మార్పించే ఖర్చుతో పోలిస్తే దీని ధర సాధారణంగా తక్కువే.

అద్దంలో వోల్టేజీ ఒకసారి 290, ఒకసారి 120 అని ఊగుతూ, పక్కింట్లో దీపాలు మసకగానో మరీ మెరుస్తూనో ఉంటే అది న్యూట్రలే. 1912కి ఫోన్ చేసి, కరెంటు పోయిందని కాకుండా "న్యూట్రల్ తెగింది, వోల్టేజీ 290 చూపిస్తోంది" అని అంకెతో చెప్పండి. లైన్‌మన్ వచ్చేలోగా, ప్రొటెక్టర్ లేని చుట్టుపక్కల ఇళ్లవాళ్ల చేత మెయిన్ స్విచ్ ఆపించండి.