నంద్యాల రోడ్డు ప్లాట్ల వెంచర్: పేపర్లు ఓకే, జోస్యం మాత్రం వద్దు

రేటింగ్ ఐదుకు మూడు స్టార్లు. ఆ మూడూ పేపర్లకీ, పొద్దున్నే పెట్టిన ఉగ్గాని బజ్జీకీ. పోయిన రెండూ ప్లాటు రేటు "ఐదేళ్లలో రెట్టింపు" అని ఏజెంటు చెప్పిన మాటకి.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా బామ్మర్ది కర్నూలులో ఓ ప్లాటు కొని పడేద్దామని ఉబలాటపడుతుంటే తోడు వెళ్లాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నన్నూరు దాటి ఓర్వకల్లు వైపు పోతే ఇలాంటివి చాలానే ఉన్నాయి, బ్రోచర్లలో బొమ్మలు కూడా ఇంచుమించు అవే. కారు వాళ్లే పంపారు, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఎక్కించుకున్నారు, మర్యాదకేం లోటు లేదు.

సైటులో ఆర్చి బ్రహ్మాండంగా ఉంది. లోపల తారు రోడ్డు సగం దాకా, ఆ తర్వాత కంకర. హద్దు రాళ్లకు పసుపు రంగు కొట్టి నంబర్లు వేశారు గానీ వెనక వరుసలో కొన్నిటిని సర్కారు తుమ్మ కమ్మేసింది, మాకు చూపించిన ప్లాటు రాయిని ఏజెంటు చెప్పుకాలితో కొమ్మలు తొక్కిపట్టి వెతకాల్సి వచ్చింది. స్తంభాలున్నాయి, వైరు లేదు. మొదటి ఫేజు ఎప్పుడో అమ్ముడైపోయిందంటారు, అందులో ఒక్కరూ ఇల్లు కట్టలేదు. కొన్నవాళ్లంతా ఇంకొకరికి అమ్మడానికే కొన్నారన్నమాట.

ఇక జోస్యం సంగతి. ఆఫీసు గోడకి ఇదే వెంచర్ పాత ఫ్లెక్సీ ఇంకా ఉంది, దాని మీద "న్యాయ రాజధాని" అని పెద్దక్షరాలు. హైకోర్టు కర్నూలుకి వస్తుందన్న ఆ మాట మీదే 2020లో రేట్లు చెప్పారు. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. కొత్త బ్రోచర్‌లో ఆ చోట "హైకోర్టు బెంచ్" వచ్చింది, 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, అందుకు. పక్కనే 2021లో మొదలైన ఎయిర్‌పోర్టు, కేంద్రం 2024 ఆగస్టులో ఓకే చేసిన ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్, అంటే ఫ్యాక్టరీల కోసం కేటాయించిన ప్రాంతం. ఇవన్నీ నిజాలే, ఒప్పుకుంటా. కానీ ఫ్యాక్టరీ 2,621 ఎకరాల నోడ్‌లో వస్తుంది, మనకి అమ్మేది దాని బయట. పైగా రేపు రాబోయేదాని రేటు ఈరోజే కలిపేసి చెప్తున్నారు. 1953లో రాజధానై 1956లో ఆ హోదా పోగొట్టుకున్న ఊరికి ఈ టెన్షన్ కొత్త కాదు.

ఇది మన ఏజెంట్ల రోగమే అనుకోకండి. 2005లో అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహా మండలి ఛైర్మన్ బెన్ బెర్నాంకీ, దేశం మొత్తమ్మీద ఇళ్ల ధరలు ఎన్నడూ పడలేదని టీవీలోనే అన్నాడు. 2006 తర్వాత అక్కడ ధరలు పావువంతుకు పైగా పడ్డాయి. అంత చదువుకున్నాయనే అలా అంటే, కమిషన్ మీద బతికే కుర్రాడు ఎలా అంటాడు?

లెక్క కూడా వేసి చూడండి. ఐదేళ్లలో రెట్టింపు కావాలంటే ఏటా దాదాపు 15 శాతం పెరగాలి. పదేళ్లలో రెట్టింపు అంటే ఏటా 7.2 శాతమే, అది కాస్త అటూ ఇటూగా ఫిక్స్‌డ్ డిపాజిట్. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కలిపి 7.5 శాతం మొదటిరోజే పోతుంది, ఖాళీ ప్లాటుకి అద్దె రాదు, అమ్మాలంటే కొనేవాడు దొరకాలి.

పేపర్ల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. లేఅవుట్ అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అడగ్గానే తెచ్చారు, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) మేం వేరుగా తీయించినా తేడా రాలేదు. కానీ అగ్రిమెంట్ లేకుండా రసీదు మీద 25 శాతం కట్టమన్నారు. రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. ఆ మాట అనగానే "మీ ఇష్టం అన్నా, ఎంతైనా పర్లేదు" అన్నాడు ఏజెంటు.

ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లయితే కరెంటు వచ్చాక వెళ్లి చూడండి. పెట్టుబడికైతే ఆ డబ్బు ఐదేళ్లలో అవసరం పడదనుకుంటేనే. తూర్పు ముఖం ప్లాటుకి సెంటు మీద అదనంగా చెప్తారు, గట్టిగా అడిగితే ఆ అదనం తీసేస్తారు, మా బామ్మర్దికి తీసేశారు. తను ఇంకా టోకెన్ ఇవ్వలేదు.