కంప్రెషన్ టెస్టా, లీక్‌డౌన్ టెస్టా: పాత కారుకు ఏది మేలు?

ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. అయినా పికప్ లేదు, ఐడిల్‌లో బండి వణుకు తగ్గలేదు. ఇక సిలిండర్ల సంగతి చూడాల్సిందే.

ముందుగా కంప్రెషన్ గేజ్‌కే నా ఓటు, అంటే ప్లగ్గు రంధ్రంలో పెట్టి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే ముల్లు మీటరు. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు కనెక్షన్లు ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కు ముల్లు పెరగడం ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. కాలు తీసినా, బ్యాటరీ డల్‌గా ఉన్నా రీడింగ్ పడిపోతుంది, మంచి ఇంజన్‌కు లేనిపోని చెడ్డపేరు. పెట్రోల్ ఇంజన్లలో చాలావాటికి 120 నుంచి 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా వస్తుంది. అయితే అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 130 చూపించే బండికి నేను కంగారుపడను. 165, 160, 95, 160 వస్తే మాత్రం టెన్షన్ మొదలైనట్టే.

ముల్లు కదలికా చూడండి. మొదటి కొట్టుకు కొంచెమే లేచి, తర్వాత మెల్లగా ఎక్కుతుంటే పిస్టన్ చుట్టూ గాలి జారకుండా ఆపే రింగులు అరిగాయని అనుమానించాలి. ఎన్నిసార్లు కొట్టినా కిందే ఉంటే వాల్వు. చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొడితే రింగుల అనుమానం ఇంకాస్త తేలుతుంది, రీడింగ్ పెరిగితే అవే. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద ఉండే సీలు) వైపు చూడాలి. ఇవన్నీ ఊహలే, సాక్ష్యం కాదు.

సాక్ష్యం లీక్‌డౌన్ ఇస్తుంది. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకొసకు తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి రెండు గేజ్‌ల టెస్టర్‌తో కంప్రెసర్ గాలి పెడతారు. 100 పీఎస్ఐ పెడితే రెండో గేజ్ 70 చూపిందంటే 30 శాతం లీకు. ఇక చెవి పెట్టి వినడమే. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ పోయిందనే ఎక్కువ అనుమానం.

కానీ కంప్రెసర్ కావాలి, ఓపిక కావాలి. పిస్టన్ సరిగ్గా పైకొసన లేకపోతే గాలి దెబ్బకు క్రాంక్ (పిస్టన్లకు కలిపి ఉండే ఇరుసు) గిర్రున తిరుగుతుంది. క్రాంక్ బోల్టు మీద స్పానర్ వదిలేశారో, చెయ్యి జాగ్రత్త.

అందుకే గేజ్ కొనుక్కోండి, బిగించే రకమైతే మేలు, రబ్బరు కొసతో నొక్కిపట్టే రకంలో గాలి జారుతుంది. లీక్‌డౌన్‌ను హెడ్ విప్పాలా వద్దా అనే రోజుకు ఉంచుకోండి. రింగులు పోయిన బండికి హెడ్ ఒక్కటే విప్పించి వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే, కూలీ పోవడమే తప్ప పికప్ రాదు.