అమ్మ షవర్ చైర్: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. ఆస్పత్రి నుంచి మల్కాజిగిరిలోని మా ఫ్లాటుకు తెచ్చాక మొదటి వారం మామూలు ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోబెట్టి స్నానం చేయించాను. ఒకరోజు సబ్బు నీళ్లకు కుర్చీ కాళ్లు టైల్స్ మీద జారాయి. నడుము పట్టుకుని ఉన్నాను కాబట్టి అమ్మ పడలేదు. ఆ సాయంత్రమే కోఠీ వెళ్లి అల్యూమినియం షవర్ చైర్ తెచ్చాను. 3,200 రూపాయలు.

షాపులో ముందు స్టూల్ చూపించారు. ధర తక్కువే, కానీ ఒక పక్క బలం లేని మనిషి ఆ పక్కకే ఒరిగిపోతారు. వెనక ఆనుకోవడానికి, పక్కన చేతులు పెట్టుకోవడానికి ఉన్నదే తీసుకోండి. చక్రాల కుర్చీ కావాలనుకుంటే ముందు బాత్రూమ్ తలుపు వెడల్పు కొలుచుకోండి. తెలిసినవాళ్లు ఇచ్చినది మా తలుపులో పట్టలేదు.

ఎత్తు సరిచేయడానికి కాళ్లకు బటన్లు ఉన్నాయి. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మరీ కిందికి దించితే లేవడానికి అమ్మకు కష్టమయ్యేది. బాత్రూమ్ నేల జాలీ వైపు వాలుగా ఉండడంతో కుర్చీ ఊగేది కూడా. వాలు తక్కువున్న మూలకు జరిపాకే నిలిచింది. కింద వేసిన రబ్బరు మ్యాట్ తీసేశాను, దాని అడుగున సబ్బు జిగురు పేరుకుపోతోంది.

కుర్చీ ఒక్కటే చాలదు. అమ్మకు కుడివైపు గోడకు డ్రిల్ చేయించి స్టీల్ హ్యాండిల్ బిగించాం. అంతకుముందు గోడకు అతుక్కునే రబ్బరు కప్పుల హ్యాండిల్ కొన్నాను, మూడో వారంలో ఊడి చేతికొచ్చింది. దాన్ని గానీ, టవల్ రాడ్‌ను గానీ నమ్మి మనిషి బరువు వేయనివ్వకండి. కుర్చీలోకి మార్చేటప్పుడు బలం ఉన్న వైపుకే కదిలించాలి. బలహీనమైన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది, అందుకే నడుముకు బెల్టు కట్టి పట్టుకుంటాను.

నీళ్ల విషయంలో నాకు ఇప్పటికీ టెన్షనే. ఎడమ పక్క అమ్మకు వేడి సరిగా తెలియదు. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత గీజర్ నీళ్లు కలిపి, నా మోచేత్తో చూసుకుని, మొదటి మగ్గు కుడికాలి మీద పోస్తాను.

మొదట్లో స్నానం అంటేనే అమ్మ కళ్లు గట్టిగా మూసుకునేది. ఐదారు నెలలకు మగ్గు తన చేతిలోకి తీసుకుంది. "నువ్వు అటు తిరుగు బిడ్డా, నేనే పోసుకుంట" అంది. ఆ రోజు తలుపు బయట నిలబడి ఏడ్చాను. ఇప్పుడు వీపు రుద్దడం, తల తుడవడమే నా పని. స్నానం అయ్యాక రెండు నిమిషాలు కూర్చోబెట్టే లేపుతాను, వేడినీళ్ల తర్వాత గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

కుర్చీలో లోపాలు లేకపోలేదు. మా బోరు నీళ్లకు తెల్లటి ఉప్పు పట్టి బటన్లు బిగుసుకుపోయాయి, వెనిగర్‌తో తుడిస్తే వదిలాయి. ఏడాదికే స్క్రూలు తుప్పుపట్టాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. కాళ్ల కింది రబ్బరు బుష్‌లు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. నిన్న తిరగేసి చూస్తే ముందు కాళ్లవి మళ్లీ నున్నగా అరిగాయి, ఆదివారం కోఠీ వెళ్లి తేవాలి.