జీతానికి రాసిన కోడ్, కాంట్రాక్టుకి రాసిన కోడ్: హక్కు ఎవరిది?

కోడ్ ఒకటే కావచ్చు, రాసే మనిషీ ఒకరే కావచ్చు. హక్కు మాత్రం మారిపోతుంది.

ఉద్యోగి సంగతి తేలిక. డ్యూటీలో భాగంగా రాసిన ప్రోగ్రామ్ కంపెనీదే. వేరే ఒప్పందం లేకపోతే యజమానే తొలి హక్కుదారు అంటుంది 1957 నాటి భారత కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్‌లో. అమెరికా, బ్రిటన్ చట్టాలదీ ఇదే దారి.

ఫ్రీలాన్సర్ దగ్గరే కథ తిరగబడుతుంది. ‘డబ్బులిచ్చాం, కోడ్ మాదే’ అనుకుంటారు క్లయింట్లు. రాతపూర్వకంగా బదిలీ జరగకపోతే కాపీరైట్ మామూలుగా రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఒక శిల్పం కేసులో, పని చేయించుకున్నంత మాత్రాన శిల్పి ఉద్యోగి అయిపోడని తేల్చింది. ప్రోగ్రామర్లకూ అదే కొలమానం. భారత చట్టంలో ఇంకో మెలిక ఉంది: బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే దేశం వరకే. ఈ రెండు లైన్లు మర్చిపోయే క్లయింటుకే అసలు టెన్షన్.

ఉద్యోగికి చిక్కల్లా రాత్రిపూట సొంత లాప్‌టాప్‌లో రాసుకున్న యాప్‌తోనే. ఉద్యోగంలో భాగం కాకపోతే అది తనదే. కానీ చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల్లో ‘ఉద్యోగ కాలంలో సృష్టించినదంతా కంపెనీకే’ అని ఉండొచ్చు. ఆ పేజీ ఎవరు చదువుతారు చెప్పండి!