డైరీ, ఆత్మకథ: ఏది గట్టిగా పలుకుతుంది?

సొంత బతుకును రాస్తూ రాజకీయంగా గొంతు విప్పిన స్త్రీలకు డైరీ, ఆత్మకథ రెండూ అక్కరకొచ్చాయి గానీ, వాటి తీరు ఒకటి కాదు. బ్రెజిల్ నగరం సావోపావులో చిత్తుకాగితాలు ఏరుకుని బతికిన కరోలినా మరియా డి జీసస్ డైరీ 1960లో అచ్చయింది. పిల్లల ఆకలి, తిండి సరుకుల ధరల పక్కనే, ఎన్నికలప్పుడు మాత్రమే మురికివాడకు వచ్చే నాయకుల మీద కోపమూ ఏ రోజుకారోజు అందులోకి ఎక్కింది. బానిసత్వాన్ని తప్పించుకున్న హ్యారియెట్ జేకబ్స్ 1861లో మారుపేరుతో వెలువరించిన ఆత్మకథ మాత్రం అమెరికా ఉత్తరాది స్త్రీలను బానిసత్వానికి వ్యతిరేకంగా కదిలించాలనే ఉద్దేశంతోనే, ప్రతి సంగతినీ తూచి రాసినది. అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కున్న వైనం అందులో సాక్ష్యంగా నిలుస్తుంది. ఒప్పించడానికి ఆత్మకథే మేలని నా అభిప్రాయం. తీరిక లేని మనిషికి మాత్రం డైరీయే దారి. అయితే రెండు రాతప్రతులూ అచ్చుకు ముందు వేరొకరి చేతిలో పరిష్కరణకు గురైనవే.