హైడ్రో ప్లాంట్ ఓ అండ్ ఎం కోర్సు: 5కి రెండున్నర, అది కూడా ఒక్క సార్ వల్లే

అమీర్‌పేటలో నడుస్తున్న హైడ్రో పవర్ ప్లాంట్ ఆపరేషన్ అండ్ మెయింటెనెన్స్ కోర్సు గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మూడు నెలల కోర్సు, ఫీజు 40 వేలకు కాస్త తక్కువ, హాస్టల్ ఖర్చు మనదే. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను, దాదాపు ఇదే సిలబస్‌తో, ఇదే పాంప్లెట్‌తో వేరే చోట్ల కూడా బ్యాచ్‌లు పెడుతున్నారు, నేను చెప్పేది అన్నిటికీ పనికొస్తుంది. మా బ్యాచ్‌లో ఎక్కువమంది నాలాంటి ఎలక్ట్రికల్ డిప్లొమా వాళ్లు, కొందరు ఐటీఐ ఫిట్టర్లు, బీటెక్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు.

ముందు పాంప్లెట్ సంగతి. పైన పిన్నాపురం ఫోటో, కింద 'గ్రీన్ ఎనర్జీలో లక్షల ఉద్యోగాలు, మొదటి జీతం 45 వేలు'. పిన్నాపురం పెద్ద ప్రాజెక్టే, కాదనడం లేదు. నంద్యాల జిల్లాలో 1680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజి (నీటిని పైకి ఎక్కించి దాచి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది), 240 మెగావాట్ల యూనిట్లు ఆరు, 120వి రెండు. ఎగువ సీలేరు దగ్గర ఏపీ జెన్‌కో తలపెట్టింది ఇంకో 1350 మెగావాట్లు. కానీ మెగావాట్లు చూసి ఉద్యోగాలు లెక్కేసుకుంటే దెబ్బతింటాం. సొరంగాలు తవ్వేటప్పుడు, కాంక్రీటు పోసేటప్పుడు, పెన్‌స్టాక్ (టర్బైన్‌కు నీళ్లు తెచ్చే పెద్ద పైపు) వెల్డింగ్ చేసేటప్పుడు వేల మంది కావాలి, ఆ పని అయిపోగానే వాళ్లంతా సర్దుకుని ఇంకో సైటుకు వెళ్లిపోతారు. తర్వాత నడపడానికి మిగిలేది కొద్దిమందే. థర్మల్‌లో అయితే బొగ్గు దింపాలి, పొడి చేయాలి, బూడిద ఎత్తాలి, ఒక్కోదానికి ఒక్కో గ్యాంగు. హైడ్రోలో అవేవీ లేవు. శ్రీశైలం ఎడమగట్టు అంతటి 900 మెగావాట్ల ప్లాంటును కూడా షిఫ్టుకు కొద్దిమందే చూసుకుంటారు. ఈ తేడా మొదటి రోజే చెప్పాల్సింది, ఎవరూ చెప్పలేదు.

జీతాల మీద అయితే క్లాసులో ఒక్క ముక్క నిజం చెప్పలేదు. జెన్‌కోలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్) దూరితే బాగానే ఉంటుంది, 2023లో తెలంగాణ జెన్‌కో 339 ఏఈ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు స్కేలు 65,600 దగ్గర మొదలై 1,31,220 దాకా ఉంది. ఆ 339 కూడా థర్మల్, హైడ్రో, సివిల్ అన్నీ కలిపి, పోటీ సంగతి మీకు తెలిసిందే. అదే కంట్రోల్ రూమ్‌లో, అదే ప్యానెల్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఆపరేటర్ జీతం అందులో ఎన్నో వంతో చెప్పడానికి నాకే మొహమాటం. తెలంగాణలో 2017లో విద్యుత్ సంస్థల్లోని 20 వేలకు పైగా అవుట్‌సోర్సింగ్ వాళ్లను ఆర్టిజన్లు అనే పేరుతో సంస్థల్లోకే తీసుకున్నారు, గ్రేడులు పెట్టారు, కొంత నయం. ఆంధ్రాలో కాంట్రాక్టు కార్మికులు సమాన పనికి సమాన వేతనం అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఇక ప్లేస్‌మెంట్ పేరుతో మా ఇన్‌స్టిట్యూట్ నాకు తెచ్చిపెట్టిన ఆఫర్ ఒక మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్ దగ్గర, పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి 16 వేలు, షిఫ్టు 12 గంటలు, భోజనం ఖర్చు మనదే. పాంప్లెట్‌లో ఉన్న 45 వేలు ఏదని అడిగితే 'అది ఎక్స్‌పీరియన్స్ వచ్చాక' అన్నారు.

సరే, పాఠాల్లోకి వద్దాం. మొదటి నెలన్నర పెల్టన్, ఫ్రాన్సిస్, కప్లాన్ అనే టర్బైన్ రకాలు, స్పెసిఫిక్ స్పీడ్ లెక్కలు, ఇవే. పాలిటెక్నిక్‌లో చదివినవే, ఆబ్జెక్టివ్ బిట్లుగా మార్చి చెప్పారు. ఏఈ పరీక్ష రాసేవాళ్లకు పనికొస్తుందేమో, ప్లాంటులో పని చేయాలనుకునేవాడికి కాదు. సిమ్యులేటర్ అని ఊరించింది చూస్తే కంప్యూటర్‌లో ఒక యానిమేషన్, బటన్ నొక్కితే గేటు తెరుచుకుంటుంది, అంతే. సైట్ విజిట్ మాత్రం మరిచిపోలేను. నాగార్జునసాగర్ పవర్ హౌస్ అన్నారు, అక్కడికి వెళ్లాక లోపలికి పర్మిషన్ రాలేదని డ్యామ్ దూరం నుంచి చూపించి, ఎత్తిపోతల తిప్పి, చేపల పులుసుతో భోజనం పెట్టించి తీసుకొచ్చారు. భోజనం బాగుంది.

ఇప్పుడు ఆ రెండున్నర మార్కులు ఎందుకో చెప్తా. చివరి నెలలో ఒక రిటైర్డ్ డీఈ (డివిజనల్ ఇంజినీర్) సార్ వచ్చారు, సీలేరులోనూ శ్రీశైలంలోనూ చేసిన మనిషి. ఆయన పుస్తకం తెరవలేదు, లాగ్ షీట్ల జిరాక్సులు పంచారు. గైడ్ బేరింగ్ (తిరిగే షాఫ్ట్‌ను పక్కకు ఊగకుండా పట్టి ఉంచేది) టెంపరేచర్ గంట గంటకూ ఒక్కో డిగ్రీ పెరుగుతోంది, అలారం ఇంకా రాలేదు, నువ్వేం చేస్తావు అని అడిగారు. క్లాసంతా మౌనం. కూలింగ్ వాటర్ ఫ్లో చూడాలి, ఆ నీటిని వడకట్టే స్ట్రెయినర్ మూసుకుపోయిందేమో చూడాలి, ఆయిల్ లెవెల్ చూడాలి, వైబ్రేషన్ పోల్చుకోవాలి, ఇవన్నీ అలారం రాకముందే. అలారం వచ్చాక పరుగెత్తేవాడు ఆపరేటర్ కాదని కొంచెం గట్టిగానే అన్నారు. వరద మరీ ఎక్కువైతే జూరాలలో కరెంటు ఎందుకు ఆగిపోతుందో కూడా అప్పుడే అర్థమైంది నాకు. కింద నీటిమట్టం పెరిగిపోయి హెడ్, అంటే పై నీటికీ కింది నీటికీ మధ్య ఎత్తు తేడా, మిగలదు, అంత నీళ్లుండీ యూనిట్లు ఆపాల్సిందే.

లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే కరెంటు ఆపి పని చేసుకోడానికి ఇచ్చే అనుమతి, దాని మీద ఒక పూటంతా చెప్పారు. ఎల్‌సీ ఎవరు ఇస్తారు, ఎవరు తీసుకుంటారు, తిరిగి ఇచ్చేటప్పుడు ఎర్తింగ్ తీశారా లేదా ఎవరు సంతకం పెట్టాలి. తర్వాత డీసీ బ్యాటరీలు. తప్పు పసిగట్టే రిలేలు పని చేసేది డీసీతో, బ్రేకర్ ట్రిప్ అయ్యేది డీసీతో, అది పోతే తప్పు జరిగిందని తెలిసినా ఏదీ ఆగదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది చనిపోయారు కదా, వాళ్లలో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ వాళ్లు. సార్ ఆ ప్రమాదం గురించి ఎక్కువ మాట్లాడలేదు, భూగర్భ ప్లాంటులో పొగ నిండితే ఏ దారిలో బయటకు రావాలో మొదటి రోజే నడిచి చూసుకోండి అని మాత్రం చెప్పారు. ఇలాంటివి మొత్తం కోర్సులో సగం ఉండాలి, మాకు దక్కింది పది క్లాసులు కూడా లేవు.

ఇంకో పెద్ద లోటు, రాబోయే ఉద్యోగాలన్నీ పంప్‌డ్ స్టోరేజి అని చెప్పి దాని మీద ఒకే ఒక్క పీరియడ్ పెట్టడం. రివర్సిబుల్ యూనిట్లు (కరెంటూ తీసేవి, పంపుగానూ తిరిగేవి) మనకు కొత్త కాదు, శ్రీశైలం ఎడమగట్టులో ఆరూ అవే, సాగర్‌లో ఏడు ఉన్నాయి. పంపు మోడ్‌లో స్టార్ట్ చేయాలంటే రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) దగ్గరి నీటిని కంప్రెస్డ్ ఎయిర్‌తో కిందికి నెట్టి, గాలిలో తిప్పి, గ్రిడ్‌తో సింక్రనైజ్ చేసి, తర్వాత గాలి వదిలి నీళ్లు పట్టించాలి. మధ్యాహ్నం సోలార్ ఎక్కువున్నప్పుడు పంపింగ్, సాయంత్రం జనరేషన్, రోజూ మోడ్ మార్పులు, అంటే బ్రేకర్లకు, సీళ్లకు, వాల్వులకు అరుగుదల ఎక్కువ. గవర్నర్ (వేగం అదుపు), ఎక్సైటేషన్ (వోల్టేజి అదుపు), ప్రొటెక్షన్ తెలిసినవాడికి, షాఫ్ట్ అలైన్‌మెంట్ చేయగల ఫిట్టర్‌కి జీతం అడిగే ధైర్యం వచ్చేది ఇక్కడే. అదే నేర్పలేదు.

సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ప్లాంటు నడిపే ఇంజినీర్లకు, సూపర్‌వైజర్లకు డిగ్రీ లేదా డిప్లొమా అడుగుతాయి, టెక్నీషియన్లకు ఐటీఐ లాంటిది అడుగుతాయి, ఆపైన శిక్షణ. ఈ మూడు నెలల కాగితం వాటికి బదులు కాదు. బీటెక్ ఉండి డబ్బు పెట్టగలిగితే ఎన్‌పీటీఐ (జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ) వాళ్ల హైడ్రో శిక్షణ కేంద్రం పంజాబ్‌లోని నంగల్‌లో ఉంది, అది వాకబు చేయండి. డిప్లొమా, ఐటీఐ వాళ్లు ముందు అప్రెంటిస్‌షిప్‌కి ప్రయత్నించండి. అదీ కుదరకపోతే ఎండాకాలం ఓవర్‌హాలింగ్ పనులకు కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా అయినా వెళ్లండి, కృష్ణా ప్లాంట్లు వరదల్లో నడుస్తాయి, విప్పదీసేది వేసవిలో, విప్పినప్పుడు చూసినవాడికే పని వస్తుంది. సీలేరు ప్లాంట్ల దగ్గరి మోతుగూడెం లాంటి చోట ఉండాల్సి వస్తే పెద్దాసుపత్రి అంటే భద్రాచలం దాకా పోవాలి, పెళ్లైనవాళ్లు ఇంట్లో ముందే మాట్లాడుకుంటే మంచిది.

ఇదంతా చదివాక కూడా చేరతానంటే, ఫీజు ఒకేసారి కడితే 5 వేలు తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. మొదటి వాయిదా మాత్రమే కట్టి, డీఈ సార్ క్లాసులు మీ బ్యాచ్‌కి ఉన్నాయో లేదో టైంటేబుల్ రాతపూర్వకంగా అడగండి. మా తర్వాతి బ్యాచ్‌కి ఆయన రావడం లేదని విన్నాను.