అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆనర్స్ ప్రోగ్రాం: డిగ్రీ పూర్తయ్యాక నా సమీక్ష

ఇంటర్ తర్వాత బ్యాచిలర్స్ డిగ్రీకే నేరుగా అమెరికా వెళ్ళే మన విద్యార్థుల్లో మంచి మార్కులున్నవారికి, అడ్మిషన్ లెటరుతోపాటో ఆ తర్వాత కొద్ది వారాలకో, ఆనర్స్ ప్రోగ్రాంకు, అంటే మామూలు డిగ్రీలోనే చిన్న సెమినార్లూ చివర ఒక పరిశోధన థీసిస్సూ ఉండే ప్రత్యేక చదువుకు, దరఖాస్తు చేసుకోమని మరో ఆహ్వానం వస్తుంది. దానికి వేరే వ్యాసాలు రాయాలి, కొన్నిచోట్ల వేరే ఫీజు కూడా కట్టాలి. చేరితే ఏం లాభం, జీపీఏ (నాలుగుకు లెక్కగట్టే సగటు గ్రేడు) దెబ్బతింటుందా, ఉద్యోగానికి పనికొస్తుందా అని తెలిసినవాళ్ళ పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు. నేను మిడ్‌వెస్ట్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. మొదటి సెమిస్టరు నుంచి పట్టా పుచ్చుకునేదాకా ఆనర్స్‌లోనే ఉన్నాను, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: సెమినార్లనూ థీసిస్‌నూ మనసుపెట్టి చేయదలచుకున్నవారు తప్పక చేరాలి, రెజ్యూమేలో ఒక పంక్తి కోసమే అయితే ఆ శ్రమ, ఆ ఫీజు రెండూ దండగ.

ఈ చదువుకు అమెరికాలో వందేళ్ళ చరిత్ర ఉంది. రోడ్స్ స్కాలరుగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఫ్రాంక్ ఎయిడెలాట్, పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలకు అధ్యక్షుడయ్యాక 1922లో ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రతిభావంతులైన విద్యార్థులు చివరి రెండేళ్ళూ మామూలు తరగతులకు బదులు చిన్న సెమినార్లలో చదివి, ఆఖరున బయటినుంచి వచ్చిన పరీక్షకుల ముందు తమ చదువును నిరూపించుకోవాలి. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఇది క్రమంగా పాకింది. ఆరెగన్ విశ్వవిద్యాలయం 1960లో ఏకంగా ఆనర్స్ కళాశాలనే తెరిచింది. పెన్ స్టేట్‌లో 1997లో ష్రయర్ దంపతులు ఇచ్చిన 3 కోట్ల డాలర్ల విరాళంతో అలాంటి కళాశాలే ఏర్పడింది. వేలమంది చదివే క్యాంపస్‌లో కొద్దిమందికి చిన్న కళాశాల తరహా చదువు అందించడమే వీటన్నిటి ఉద్దేశం. నేను కాలిక్యులస్ విన్న హాల్లో వందలమంది కూర్చునేవారు, ఆనర్స్ సెమినారులో మాత్రం ఇరవైమందికి మించి ఉండేవారు కాదు.

నియమాలు విశ్వవిద్యాలయాన్నిబట్టి మారుతాయి గాని స్థూలంగా ఒకే తీరుగా ఉంటాయి. డిగ్రీకి కావలసిన సుమారు 120 క్రెడిట్లలో ఒక వంతు, చాలాచోట్ల 20 నుంచి 36 దాకా, ఆనర్స్ క్రెడిట్లు అయి ఉండాలి. జీపీఏ 3.25 కన్నానో 3.5 కన్నానో తగ్గకూడదు. చివరి ఏడాది థీసిస్ రాయాలి. నా దగ్గర సెమిస్టరుకు కొన్ని వందల డాలర్ల ఫీజు అదనంగా తీసుకున్నారు, స్కాలర్‌షిప్ అందులో ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. కాబట్టి చేరేముందు నాలుగేళ్ళకూ లెక్క వేసుకుని, ఆ మొత్తాన్ని ఇంట్లో ముందుగానే చెప్పడం మంచిది.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను మార్చినది సెమినారు. ఇంటర్ రెండేళ్ళూ ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లూ ఒకే జవాబూ ఉంటాయని నమ్మి చదివినవాళ్ళం మనం. ఆనర్స్ సెమినారులో జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు. తరగతికి ముందురోజు రాత్రే, చదివిన పాఠం మీద ఒక పేజీ రాసి పంపాలి. మర్నాడు ప్రొఫెసర్ ఆ పేజీల్లోంచి ఒక వాక్యం ఎంచుకుని బల్ల చుట్టూ కూర్చున్నవారి ముందు పెట్టి, దీన్ని ఎవరు ఒప్పుకోరు అని అడుగుతారు. గ్రేడులో పెద్ద భాగం ఆ మాటామంతీకే ఉంటుంది, మౌనంగా కూర్చుంటే మంచి గ్రేడు రాదు.

నీటి పంపకాల మీద తీసుకున్న ఒక సెమినారు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొలరాడో నది నీటిని ఏడు రాష్ట్రాలు పంచుకుంటూ 1922 నవంబరులో చేసుకున్న ఒప్పందం ఆ వారం పాఠం. ఎగువ పరీవాహానికి ఏటా 75 లక్షల ఎకరపు అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరపు అడుగు), దిగువకు అంతే అని అందులో రాసుకున్నారు. నదిలో నీరు బాగా పారిన ఏళ్ళ లెక్కలను నమ్ముకుని పంచుకున్నందువల్ల, నదిలో ఉన్న నీటికన్నా కాగితం మీద పంచిన నీరే ఎక్కువైంది. తోటి విద్యార్థులు అది ఆ కాలపు అజ్ఞానమనీ, మంచి లెక్కలుంటే తగవే ఉండదనీ అన్నారు. నాకు బచావత్ ట్రిబ్యునల్ గుర్తొచ్చింది. కృష్ణా నీటిని 75 శాతం విశ్వసనీయత మీద లెక్కగట్టి, అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళు తప్పక దొరికే నీటినే పంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించిన ఆ తీర్పులో లెక్క కొలరాడోకన్నా జాగ్రత్తగానే ఉంది. అయినా తగవు తీరలేదు. రాష్ట్రం రెండయ్యాక ఆ 811లో ఎవరి వాటా ఎంతన్నది కొత్త వివాదమైంది. లెక్క సరిగా ఉన్నంతమాత్రాన పంపకం న్యాయమైపోదని నేను ఆ గదిలో వాదించాను. ప్రొఫెసర్ నా మాటను ఒప్పుకోకుండా, కాదనకుండా, విశ్వసనీయత శాతం ఎంత ఉండాలన్నది ఇంజనీరు తేల్చేదా, రాజకీయ నాయకుడు తేల్చేదా అని తిరిగి ప్రశ్నించారు. తరగతి అయిపోయాక కూడా మేము కొందరం ఆ ప్రశ్న పట్టుకుని కారిడార్లో నిలబడ్డాం. మామూలు ఇంజనీరింగ్ కోర్సుల్లో విశ్వసనీయత శాతాన్ని నేను ఎన్నిసార్లు వాడినా, అది ఎవరి నిర్ణయమని నన్నెవరూ అడగలేదు.

ఆనర్స్ హాస్టల్ బాగుంది, అర్ధరాత్రి దాకా చదువుకునే తోడు దొరుకుతుంది. అంతకుమించి దాని గురించి చెప్పవలసింది లేదు. కోర్సుల్లో సీట్లకు ముందస్తు రిజిస్ట్రేషన్ మాత్రం నిజంగా విలువైనది. ఇంజనీరింగ్‌లో ఒక కోర్సు పూర్తిచేస్తేనే తర్వాతిదానికి అర్హత వస్తుంది, కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. సీటు దొరక్క వెయిట్‌లిస్టులో ఉండిపోతే మొత్తం వరుస ఒక సెమిస్టరు వెనక్కి జరుగుతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి కాబట్టి, కావలసిన కోర్సు దొరకనప్పుడు అక్కరలేనిది తీసుకుని క్రెడిట్లు నింపుకోవలసి వస్తుంది. బయటి రాష్ట్రపు ట్యూషన్, అంటే ఆ రాష్ట్రవాసులకన్నా ఎక్కువ ఫీజు, కట్టే మనవాళ్ళకు ఒక సెమిస్టరు పొడిగింపు ఎంత ఖర్చో వేరే చెప్పనక్కరలేదు. అందరికన్నా ముందు సీట్లు ఎంచుకునే వీలుండటంవల్ల ఆ బెడద నాకు ఎప్పుడూ రాలేదు.

ఇందులో బలహీనమైన భాగం ఆనర్స్ కాంట్రాక్ట్ అన్నది. ఆనర్స్ విభాగం లేని మామూలు కోర్సులోనే, ప్రొఫెసర్‌తో సెమిస్టరు మొదట్లో ఒక ఫారం మీద సంతకాలు చేసుకుని, అదనపు పని చేసి ఆ కోర్సును ఆనర్స్ క్రెడిట్‌గా మార్చుకోవచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థులకు చాలా ఆనర్స్ క్రెడిట్లు ఇలాగే వస్తాయి. ఇది పూర్తిగా ఆ ప్రొఫెసర్ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో నేను చేసుకున్న కాంట్రాక్ట్ చివరికి ఒక అదనపు పేపరుగా మిగిలింది. ఇచ్చిన పేపరు మీద ఒక్క వ్యాఖ్య కూడా తిరిగి రాలేదు, క్రెడిట్ మాత్రం పడింది. హైడ్రాలజీలో దీనికి పూర్తిగా భిన్నం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల మీద పెట్టిన, నీటి ప్రవాహాన్ని కొలిచే గేజీల లెక్కలను ఉచితంగా అందరికీ ఇస్తుంది. ఆ ప్రొఫెసర్ దగ్గర్లోని ఒక వాగు లెక్కలు నా చేతికిచ్చి, వారం వారం తన గదిలో కూర్చోబెట్టుకుని, వరద గరిష్ఠాలను ఎలా అంచనా వేయాలో నేర్పారు. నా థీసిస్‌కు ఆవిడే డైరెక్టరయ్యారు. కాబట్టి కాంట్రాక్ట్ ఏ కోర్సులో సులువన్నది చూడకుండా, ఎవరితో పనిచేస్తున్నామన్నది చూసుకోవాలి.

ఇక థీసిస్. మూడో ఏడాది రెండో సెమిస్టరులో ప్రతిపాదన రాసి, దారి చూపే ఒక డైరెక్టరునూ, చదివి అంచనా వేసే మరో రీడరునూ ఒప్పించుకోవాలి. నాలుగో ఏడాదంతా పని చేసి, చివర వారి ముందు డిఫెన్స్ ఇవ్వాలి, అంటే వారి ప్రశ్నలకు జవాబిస్తూ థీసిస్‌ను సమర్థించుకోవాలి. నేను మా వరంగల్ వైపు చెరువుల మీద పని చేస్తానన్నాను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో ఆ తర్వాత నీటి విస్తీర్ణం ఏమైనా పెరిగిందా అన్నది నా ప్రశ్న. అంత దూరాన కూర్చుని దీన్ని చూడటానికి ఉపగ్రహ చిత్రాలే దారి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిలో ఒక్కో గడి 30 మీటర్ల చదరం. సెంటినెల్-2 చిత్రాల్లో అది 10 మీటర్లే. నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది, పచ్చని ఆకు దాన్ని తిప్పికొడుతుంది. ఈ తేడాతోనే ఏది నీరో ఏది చేనో లెక్కగడతారు.

ఒక చెరువు విషయంలో ఆ లెక్క నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. వానలు బాగా పడిన ఏడాది అక్టోబరులో, చుట్టుపక్కల చెరువులన్నీ నిండుగా కనిపిస్తుంటే, ఇదొక్కటే సగం ఎండినట్టు చూపించింది. లెక్కలో లోపమేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను. డైరెక్టరు నా గ్రాఫులన్నీ పక్కన పెట్టి, ఆ చెరువును కళ్ళారా చూసేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఆ రాత్రే మా మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన మర్నాడు కట్ట మీదికి వెళ్ళి వాట్సాప్‌లో ఫోటోలు పంపారు. తూము దగ్గర నుంచి మత్తడి దాకా సగం చెరువును గుర్రపుడెక్క కప్పేసి ఉంది. కింద నిండా నీళ్ళే, ఉపగ్రహానికి మాత్రం పచ్చని ఆకు కనబడుతోంది. శిఖం భూమిలో (నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేలలో) వేసిన పైరునూ నీటి మీద తేలే గుర్రపుడెక్కనూ వేరుచేయడమే ఆ తర్వాత నా థీసిస్‌లో పెద్ద అధ్యాయమైంది. గాలి వాటుకు గుర్రపుడెక్క తెప్పలు జరుగుతాయి, పొలం జరగదు. సెంటినెల్ ఐదు రోజులకొకసారి అదే చోటికి తిరిగి వస్తుంది కాబట్టి, వరుస చిత్రాలను పోల్చితే ఏ పచ్చదనం కదులుతోందో కొంతవరకు పట్టుకోవచ్చు. డిఫెన్స్‌లో, ఆర్థికశాస్త్ర విభాగం నుంచి వచ్చిన రీడరు దీని గురించి ఏమీ అడగలేదు. పూడిక తీయడానికి ఆ చెరువులనే ఎందుకు ఎంచుకున్నారు, మొదటినుంచీ మంచి స్థితిలో ఉన్న చెరువులే ఎంపికై ఉంటే నీ పోలిక ఏమవుతుంది అని అడిగారు. దానికి నా దగ్గరున్నది సగం జవాబే. ఆ సగమే చెప్పాను, మిగతా సగాన్ని థీసిస్ చివర పరిమితుల భాగంలో రాయించారు.

విదేశీ విద్యార్థులకు ముఖ్యమైన విషయం ఒకటుంది, దీన్ని ఓరియెంటేషన్‌లో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే వేసవి పరిశోధన శిక్షణలు అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. ఆనర్స్ కార్యాలయాలు గొప్పగా చెప్పే గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్ కూడా అంతే. ఎఫ్-1 మీద ఉన్నవారికి అవి మూసిన తలుపులే. మా ఆనర్స్ ప్రోగ్రాం తన సొంత నిధి నుంచి ఇచ్చే వేసవి గ్రాంటుకు మాత్రం పౌరసత్వ నియమం లేదు, దానివల్లే నేను ఒక వేసవంతా ఈ చిత్రాల మీద కూర్చోగలిగాను. మీరు చూస్తున్న ప్రోగ్రాంలో అలాంటి సొంత నిధి ఉందా, విదేశీయులకు ఇస్తారా అన్నదాన్ని, హాస్టల్ ఫోటోలకన్నా ముందు కనుక్కోండి.

జీపీఏ గురించిన భయం నా అనుభవంలో అవసరం లేనిది. సెమినార్లలో పనిచేసినవారికి మంచి గ్రేడులే వస్తాయి, కష్టమంతా సమయంతోనే. చదివే పేజీలు, రాసే పేజీలు ఎక్కువ. దానికితోడు క్యాంపస్‌లో ఉద్యోగం చేసుకునేవారు, సెమిస్టరు నడుస్తున్నప్పుడు వారానికి అనుమతి ఉన్న 20 గంటలూ పనిచేస్తే నిద్రలోనే కోత పడుతుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఆనర్స్ అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు గాని, థీసిస్ గురించి మాత్రం చాలాసేపు అడిగారు. ఓపీటీ (చదువు ముగిశాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద చేరిన నా మొదటి ఉద్యోగంలో చేస్తున్న పని దాని కొనసాగింపే. పై చదువులకు వెళ్ళేవారికి ఇంకా ఎక్కువ లాభం, ఎందుకంటే ఏడాదిపాటు మన పని దగ్గరుండి చూసిన ప్రొఫెసర్ రాసే సిఫారసు ఉత్తరంలో చెప్పడానికి సంగతులుంటాయి. మూడేళ్ళలోనే డిగ్రీ ముగించాలనుకునేవారికీ, ప్రతి సెమిస్టరులో కో-ఆప్ ఉద్యోగాలు (చదువులో భాగంగా కంపెనీల్లో చేసే పని) చేయదలచుకున్నవారికీ మాత్రం థీసిస్ కాలం కుదరడం కష్టం.

మన ఊళ్ళో చదువుతున్న మా చెల్లెలు, అలాంటిదే మన దేశంలోనూ ఉందిగా అంది. ఉంది. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం 160 క్రెడిట్లతో నాలుగేళ్ళు చదివితే ఆనర్స్ డిగ్రీ వస్తుంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం గాని అంతకుమించి గాని మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. మార్గదర్శకుడు దొరికితే అది కూడా అంతే విలువైన అవకాశమని నా నమ్మకం. మా చెల్లెలికి ఇప్పటినుంచే ఒక లెక్చరర్‌తో మాట్లాడుకోమని చెప్పాను.

మొదట్లో ఆనర్స్‌కు ఎంపిక కానివారికి దారి మూసుకుపోదు. చాలా విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాది గ్రేడులు చూసి రెండో ఏడాది నుంచి చేర్చుకుంటాయి, అప్పుడు హైస్కూలు మార్కులకన్నా ఒక ప్రొఫెసర్ ఉత్తరానికే బరువెక్కువ. అలా చేరేవారికి మొదటి ఏడాదివారి ఫ్రెష్‌మన్ సెమినారు మినహాయిస్తారా, తర్వాతైనా చేయమంటారా, కావలసిన ఆనర్స్ క్రెడిట్లు తగ్గిస్తారా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, దరఖాస్తుకు ముందే అడ్వైజర్‌ను ఈమెయిల్‌లో అడిగి ఆ జవాబును భద్రంగా దాచుకోవాలి.